ఎవురి కాగితమప్పా?

అందరికీ నమస్కారం. సలాం.

పోలీసులూ, ఒకప్పుడు ఆ పోలీసులే జీపెక్కించి తెచ్చినవాళ్లూ ఒకే వరుసలో కూర్చున్న సభను నేను చూడటం ఇదే మొదటిసారి. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవాళ్లున్నారు. వజ్రకరూరు వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లున్నారు. తాడిపత్రిలో బండల పాలీషు పని సగంలో వదిలి, చొక్కా మీద రాతిపొడి దులుపుకోకుండానే వచ్చినవాళ్లున్నారు. మన బుక్కరాయసముద్రంలో ఈ హాలు పెళ్లిళ్లకు కూడా ఇంత నిండలేదని వాచ్‌మన్ ఇందాకే అన్నాడు. ఇంతమందిని ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు. పేపర్లో మూడు లైన్లు వచ్చాయి. పుల్లన్న, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, అరవై మూడేళ్లు, గుండెపోటు. ఆ మూడు లైన్లు చదివి ఇంత జనం వచ్చారు.

ఓబులమ్మగారూ, పదకొండు రోజులుగా వచ్చినవాళ్లందరికీ మీ ఆయన ఎలా పోయారో చెప్పి చెప్పి మీ గొంతు పోయింది. ఈ పూట మీరు ఏమీ చెప్పక్కర్లేదమ్మా. వినండి. ఈ పూట చెప్పాల్సింది మేము.

నిర్వాహకులు కాగితం మీద నా పేరు ‘షమా, ఫిజిక్స్ లెక్చరర్’ అని రాశారు. అది నిజమే. మా కాలేజీ ప్రిన్సిపాల్‌గారు నాలుగో వరుసలో ఉన్నారు. నా విద్యార్థుల అమ్మానాన్నలు కనీసం పదిమంది ఉన్నారు, నన్ను చూసి చెయ్యి ఊపుతున్నారు కూడా. కానీ నేను ఈ మైకు దగ్గరకు వచ్చింది లెక్చరర్‌గా కాదు. ఇందాక గేటు దగ్గర మా అమ్మ మేరాజ్ బీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఒక మాట చెప్పింది. "ఆయన గురించి ఎంతసేపైనా చెప్పు మ్మే. నీ సంగతి మాత్రం ఎత్తొద్దు. ఉద్యోగం పోతాది" అంది. సరేనన్నాను. అమ్మా, ఎంత దూరం ఆపుకోగలనో చూద్దాం.

పుల్లన్నగారికి స్టేషన్లో ఒక పేరుంది. మీకందరికీ తెలుసు. నవ్వండి, పర్లేదు, ఆయనా నవ్వేవారు. కాగితం పుల్లన్న! ఆ పేరు ఊరికే రాలేదు. మన వైపు ఇంట్లో ఒక మనిషికి మతి చెదిరితే మనం చేసే పని ఏమిటి? ముందు దాచుకుంటాం. తర్వాత తాయెత్తు కట్టిస్తాం. ఇక ఎవరి చేతా కానప్పుడు తాడేసి కట్టి, ఆటోలో పడేసి, స్టేషనుకు తీసుకొస్తాం. ఆస్పత్రికి ఎందుకు పోము? స్టేషన్లో కటకటాలున్నాయి కాబట్టి. "రెండు దినాలు లోపలెయ్యండి సార్, అదే సరిపోతాది" అంటాం. మొగుడు తనకు ఆ హక్కుందనుకుంటాడు. మరిది తనకుందనుకుంటాడు. పెద్దమనిషి ఎవరైనా ఫోన్ చేస్తే ఇక చెప్పేదేముంది? ఒక మనిషిని నాలుగు గోడల మధ్య పెట్టమనడానికి మన దగ్గర హక్కు లేనివాళ్లు ఎవరో చెప్పండి. ఒక్కరే. లోపలికి పోయే ఆ మనిషి.

అలా వచ్చిన ప్రతివాళ్లనూ పుల్లన్నగారు ముందు కూర్చోబెట్టేవారు. నీళ్లిచ్చేవారు. తర్వాత, లోపలెయ్యమని రాసిచ్చింది ఎవరని, ఒకే మాట అడిగేవారు. "ఎవురి కాగితమప్పా?"

ఆ తర్వాత తాడు విప్పేవారు. విప్పి ఊరుకునేవారు కాదు, తాడుకు కూడా రసీదు రాసిచ్చేవారు! ఏం తాడు, ఎన్ని అడుగులు, ఎవరి దగ్గర తీసుకున్నది, అన్నీ. మళ్లీ తాడు కావాలంటే రసీదు పట్టుకుని స్టేషనుకు రావాలి. ఎవరొస్తారు? సిగ్గుపడి ఎవరూ రాలేదు. ఆ తాళ్లన్నీ ఇప్పుడు ఓబులమ్మగారి పెరట్లో ఉన్నాయి. బట్టలారేసుకునే దండేలు మూడు, గేదె పలుపు ఒకటి, నీళ్ల తొట్టి పక్కన చుట్ట చుట్టినవి ఏడు. మొన్న పోయినప్పుడు నేనే లెక్కపెట్టాను.

చౌడమ్మక్కా, నువ్వు లేచి నిలబడొద్దు, కూర్చో. నువ్వు చెప్పమన్నావు కాబట్టే చెబుతున్నాను.

ఆరేళ్ల కిందటి మాట. పుల్లన్నగారు అప్పుడు వజ్రకరూరు వైపు పనిచేస్తున్నారు. చౌడమ్మక్క వాళ్ల బోరు ఎండిపోయింది. భర్త లింగన్న బెంగళూరికి కూలికి పోయాడు. ఆయన పోయినప్పటి నుంచి ఈమె రోజుకు పదిసార్లు చేనికి పోతుంది. బోరు గొట్టంలో ఒక గులకరాయి వేస్తుంది. చెవి ఆనించి వింటుంది. ఇంటికొచ్చి, "ఈ పొద్దు గూడా పలకలేదు" అంటుంది. అన్నం ముట్టదు. మరుదులు భయపడిపోయారు. డాక్టర్ దగ్గరకు తీసుకుపోయారు.

ఆ డాక్టర్ ప్రసూనగారు. ఇదిగో, వేదిక మీదే ఉన్నారు. "నా తప్పు నువ్వే చెప్పు, నేను చెబితే తగ్గించి చెబుతాను" అన్నారు. ఆవిడ గోదావరి కాలవల పక్కన పుట్టి పెరిగిన మనిషి. నీళ్లు కనబడతాయని తెలుసు గానీ, నీళ్లు వినబడతాయని ఆవిడకు ఎవరు చెప్పారు? బోరు పలకలేదు, బోరు పలకలేదు అంటుంటే విని చీటీ మీద రాశారు: గొట్టం తనతో మాట్లాడుతుందని నమ్ముతోంది, వెంటనే పెద్దాస్పత్రిలో చేర్చాలి. ఆ చీటీ చేత పట్టుకుని, చౌడమ్మక్క చేతులు తువ్వాలుతో కట్టి, మరుదులు స్టేషనుకు తెచ్చారు.

చూశారా? ఈసారి కాగితం ఉంది. సంతకం ఉంది. ముద్ర కూడా ఉంది. ఇంకేం కావాలి కాగితం పుల్లన్నకు?

కాగితం ఉంటే చాలనుకునే మనిషైతే ఇవాళ ఈ సభ ఉండేది కాదు. ఆయన చీటీని రెండుసార్లు చదివారు. చౌడమ్మక్కను ఒక్క మాట అడిగారు. "ఎన్ని లెక్కబెడతావు మ్మా?" ఆమె ఆ రోజంతటిలో మొదటిసారి తలెత్తింది. "ఏడు. ఏడుకి టక్కుమంటాది. నీళ్లుంటే ఐదుకే బుడుంగంటాది" అంది.

నేను ఫిజిక్స్ చెప్పే మనిషిని. రాయి పడటానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు కనుక్కోవడం ఇంటర్ మొదటి సంవత్సరం లెక్క. పరీక్షలో నాలుగు మార్కులు. చౌడమ్మక్క ఆ లెక్కను రోజుకు పదిసార్లు చేస్తోంది. ఎందుకు? బస్సెక్కేటప్పుడు లింగన్న, "బోరు పలికిన దినం ఫోన్ చెయ్యి, వచ్చేస్తా" అన్నాడు కాబట్టి!

పుల్లన్నగారు డాక్టరుగారిని జీపులో ఆ చేనికి తీసుకుపోయారు. గొట్టానికి చెవి పెట్టించారు. "రాయి వేసి వినేది పిచ్చి అయితే ఈ మండలంలో సగం మందిని పట్టకపోవల్ల మేడమ్. నన్ను గూడా" అన్నారు. ప్రసూనగారు సిగ్గుపడి చీటీ చించబోయారు. ఆయన చించనివ్వలేదు. "చించొద్దు మేడమ్. దాని కిందనే ఇంకొకటి రాయండి" అన్నారు. కింద రాశారావిడ: తిండి లేదు, నిద్ర లేదు, దిగులు ఉంది, ఇంటి దగ్గరే వైద్యం. ఇక లింగన్నకు పుల్లన్నగారు చేసిన ఫోను స్టేషన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "అప్పా, బోరు పలకలేదు గానీ నీ పెండ్లాం పలుకుతాంది. వచ్చి విను." లింగన్న మర్నాడే దిగాడు. బోరు ఆ సంవత్సరమంతా టక్కుమంటూనే ఉంది. అయినా మళ్లీ పోలేదు.

ఆయన దేవుడని చెప్పడానికి నేను రాలేదు. దేవుళ్లకు సంతాప సభలుండవు. ఆయన ఒక తప్పు చేశారు. ఆ తప్పు పేరు రామప్ప. రామప్పన్న ఇక్కడే ఉన్నారు, తలుపు పక్కన, చేతికర్ర పట్టుకుని.

చౌడమ్మక్క సంగతికి ముందు ఏడాది అది. మే నెల. పుల్లన్నగారు అప్పుడు తాడిపత్రిలో ఉన్నారు. రామప్పన్నది అక్కడి పాలీషు ఫ్యాక్టరీలో పని. రంపం చప్పుడు తన వెంట పడుతోందని వారం రోజులు నిద్రపోలేదు. ఒకరోజు పొద్దున పది గంటలకు చెప్పులు లేకుండా ఇంట్లోంచి పోయాడు. భార్య స్టేషనుకు పరుగెత్తుకొచ్చింది. "పట్టుకోండి సార్, ఎట్టన్నా పట్టుకోండి" అంది. పుల్లన్నగారు అలవాటు మాటే అడిగారు. ఎవురి కాగితమమ్మా? ఆమె ఆస్పత్రికి పోయింది. వాళ్లు, ముందు మనిషిని తీసుకురా అన్నారు. మళ్లీ స్టేషను. కాగితం తే. మళ్లీ ఆస్పత్రి. మనిషిని తే. మూడుసార్లు తిరిగింది ఆ తల్లి. ఆమె తిరుగుతున్నంతసేపూ రామప్పన్న ఆ ఎండలో తారు రోడ్డు మీద ఉత్త కాళ్లతో నడుస్తూనే ఉన్నాడు. పొద్దు వాలాక ఒక లారీ డ్రైవరు తెచ్చి దించాడు. కాలిన పుండ్లు కుళ్లి, ఎడమ కాలికి మూడు వేళ్లు పోయాయి.

ఆ తర్వాత నాలుగు నెలలు, కట్టు మార్చే ప్రతి రోజూ పుల్లన్నగారు ఆ మంచం పక్కన నిలబడ్డారు. ఒక వకీలు దగ్గర కూర్చుని చట్టం మొత్తం తెలుగులో చెప్పించుకున్నారు. తనను తాను చూసుకోలేక, తనకో ఎదుటివాళ్లకో ప్రమాదంగా తిరుగుతున్న మనిషిని కాపాడి తీసుకురావడానికి పోలీసుకు ఎవరి కాగితమూ అక్కర్లేదట. ఇరవై నాలుగు గంటల్లోపు ఆస్పత్రికి చేర్చాలట. లాకప్పులో మాత్రం పెట్టకూడదట. ఉంచాలో వద్దో, ఎంతసేపో తేల్చి రాయాల్సింది డాక్టరట. అత్యవసరమైతే ఏ డాక్టరైనా డెబ్బై రెండు గంటల దాకా. ఆ పైన మానసిక వైద్యులు చూడాల్సిందే. ఇదంతా విని వచ్చి ఆయన టోపీ లోపల ఒక చీటీ అంటించుకున్నారు. మూడు ముక్కలు.

"తెచ్చేది నా పని. ఉంచేది డాక్టరు పని. కట్టేది ఎవురి పనీ కాదు."

ఆ మూడు ముక్కల కోసం రామప్పన్న మూడు వేళ్లు ఇచ్చాడని ఆయనే అనేవారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

అమ్మా, ఇక నా వల్ల కాదు. ఇక్కడిదాకా ఆపగలిగాను. చెప్పేస్తున్నాను.

నాలుగేళ్ల కిందట పుల్లన్నగారు జీపెక్కించి తీసుకుపోయిన మనిషిని నేను.

ఎమ్మెస్సీ రెండో సంవత్సరం. ఆరు రోజులు నిద్రలేదు. అక్కర్లేదనిపించింది. మన చెరువు నీళ్లు జిల్లా మొత్తానికి ఎలా పంచాలో ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిపోయింది. ఇంటి గోడల నిండా బొగ్గుతో లెక్కలు రాశాను. అమ్మ కుట్టుమిషన్ పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. వాళ్లు మంచివాళ్లు, తర్వాత తిరిగిచ్చారు, సూది మాత్రం విరిగింది. ఆరో రోజు మధ్యాహ్నం చెరువు తూము మీద నిలబడి, నీళ్లు నన్ను మోస్తాయని గుమిగూడిన జనానికి పాఠం చెబుతున్నాను. నాకు ఈత రాదు.

మా అన్న సాహిల్ లారీ టార్పాలిన్ తాడు తెచ్చాడు. మా అన్న పనిచేసే లారీల యజమాని విష్ణువర్ధన్‌గారు స్టేషనుకు ఫోన్ చేశారు, పిల్లను రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టమని. పుల్లన్నగారు, "ఎవురి కాగితమన్నా? మీదైతే రాసి పంపండి, ఫైల్లో పెడతా" అన్నారు. విష్ణువర్ధన్‌గారూ, మీరు కాగితం పంపలేదు. అందుకు మీకు కూడా నా ధన్యవాదాలు.

మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఆయన చెరువు కట్ట మీదకు వచ్చారు. నేను ఊరుకుంటానా? చదువుకున్నదాన్ని. వేలు చూపించి అరిచాను. నన్ను పట్టుకోవడానికి నువ్వెవరు? ఏ కాగితం ఉంది నీ దగ్గర?

ఆయన టోపీ తీశారు. తూము మెట్టు మీద కూర్చున్నారు. నిజంగా సంతోషపడ్డారు, ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. "మంచి మాట అడిగినావు మ్మా. ఇన్నేండ్లు నేను అందర్నీ అడిగిందే గానీ, నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే" అన్నారు. తర్వాత ఒక్కో మాటా నిదానంగా చెప్పారు. "నిన్ను ఉంచే హక్కు నాకు లేదు. తీసుకుపోయే పని నాది. ఉంచేది లేనిది డాక్టరమ్మ చెప్పల్ల. ఎన్ని గంటలో రాయించి నీ చేతికే ఇస్తా."

మా అన్న, "పిచ్చిదాని చేతికి కాగితమేంది సార్?" అన్నాడు. దానికి ఆయన, "రాసేది ఆ పిల్ల గురించి. ఆ పిల్లకి ఇయ్యకపోతే ఇంకెవురికి ఇయ్యల్లప్పా?" అన్నారు.

నేను జీపెక్కింది ఆ మాటకు. బలానికి కాదు.

ఆ మూడు రోజులు బాగున్నాయని అబద్ధం చెప్పను. అప్పటికి ప్రసూనగారు కూడా బదిలీ అయి ఇక్కడికే వచ్చారు. ఆవిడ నన్ను చూసి, మాట్లాడి, ఉంచమని రాశారు. నేను ఆవిడను తిట్టిన తిట్లు ఈ మైకులో చెప్పలేను. సూది వేయబోతే తన్నాను. పెద్దాస్పత్రికి మారిస్తే తలుపులు బాదాను. కానీ నా దిండు కింద ఈ కాగితం ఉండేది. ఇదిగో. నాలుగు మడతల దగ్గరా చిరిగింది, టేపు అంటించాను. చదువుతాను.

‘మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. షమా, ఇరవై రెండేళ్లు. తెచ్చినది: పుల్లన్న, హెడ్ కానిస్టేబుల్. ఎందుకు: చెరువులో దిగబోయింది, ఈత రాదు. ఉంచమన్నది: డాక్టర్ ప్రసూన. ఎంతవరకు: శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఆ పైన ఒక్క గంట ఉంచాలన్నా మానసిక వైద్యులు చూసి వేరే కాగితం రాయాలి. తాడు ఒకటి, పద్నాలుగు అడుగులు, నీలం రంగు, సాహిల్ దగ్గర తీసుకోబడినది.’

లోపల ఉన్న మనిషికి ఏది భయమో మీకు తెలుసా? మందు కాదు. తలుపు కాదు. ఎప్పటిదాకా అన్నది తెలియకపోవడం. నాకు తెలుసు. నాలుగు పది. గంటలు లెక్కపెట్టుకున్నాను, చౌడమ్మక్క రాయిని లెక్కపెట్టినట్టు.

శుక్రవారం నాలుగుకు పది నిమిషాలుండగానే ఆయన వచ్చారు. యూనిఫాం లేదు. ఆ రోజు ఆయనకు సెలవట. వార్డు బయట బల్ల మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. సరిగ్గా నాలుగు పదికి లేచి నా దగ్గరకొచ్చి, "అయిపోయింది మ్మా, నేను తెచ్చిన కాగితం. ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నారు.

అప్పటికి రెండు రాత్రులు నిద్రపోయి ఉన్నాను. మానసిక వైద్యులు పొద్దున్నే చూసి, జబ్బు పేరు చెప్పి, ఇక ఉండేదీ పోయేదీ నువ్వు ఆలోచించుకోగలవు అన్నారు. నేను ఆలోచించాను. ఇంకొన్నాళ్లు ఉంటానన్నాను. కొత్త కాగితం తెచ్చారు. ఆ కాగితం మీద సంతకం మా అన్నది కాదు, పోలీసుది కాదు, యజమానిది కాదు. నాది. పంతొమ్మిది రోజుల తర్వాత నా కాళ్ల మీద నేను నడిచి ఇంటికొచ్చాను. చదువు పూర్తి చేశాను. మీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఇప్పటికీ రోజూ రెండు మాత్రలు వేసుకుంటున్నాను.

ప్రిన్సిపాల్‌గారూ, ఇప్పుడు మీకు తెలిసింది. రేపు ఎవరైనా వచ్చి, ఈమెను తీసెయ్యండి అని మిమ్మల్ని అడగవచ్చు. అడిగితే మీరు ఒక్క మాట అనండి సార్. ఏమనాలో ఈ హాల్లో అందరికీ తెలుసు.

అన్నా, సాహిల్. ఆ తాడు మీద నాకు చాలా కాలం కోపం ఉండింది. తాడు తెచ్చింది నువ్వే. ఆ ఆరు రాత్రులూ కళ్లు మూయకుండా నా వెనకాల వీధులన్నీ తిరిగిందీ నువ్వే. రెండోది నేను ఎప్పుడూ పైకి చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. నీ నీలం తాడు ఓబులమ్మగారి పెరట్లో రెండో దండెం. దాని మీద పుల్లన్నగారి తెల్ల చొక్కా ఒకటి ఇంకా ఆరుతూనే ఉంది. ఆవిడ తియ్యలేదు.

చివరి రోజు సంగతి ఓబులమ్మగారు నాకు చెప్పారు. ఛాతీ నొప్పితో ఆస్పత్రికి పోతే, కుర్ర డాక్టరు లోపల చేర్చుకోవాలన్నాడట. స్ట్రెచర్ మీద నుంచే ఆయన చెయ్యెత్తి అడిగారట, "ఎవురి కాగితమప్పా?" అని. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. ఓబులమ్మగారే, "నాది. పడుకో" అన్నారట.

ఆయన నవ్వి, చెయ్యి దించి, పడుకున్నారట.

పుల్లన్నగారూ, మీరు నన్ను కాపాడారని అందరూ అంటారు. నాకు మాత్రం మీరు కాపాడినందుకంటే, కాపాడుతూ నాకు చెప్పినందుకు కృతజ్ఞత. మతి నా చేతిలో లేని రోజున కూడా నా కాగితం నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు మౌనం పాటించాలి. లేచి నిలబడమని మీకు ఆజ్ఞ వెయ్యడానికి నాకు హక్కు లేదు, నా దగ్గర ఎవరి కాగితమూ లేదు. అందుకని అడుగుతున్నాను. ఇష్టమైనవాళ్లు నిలబడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చునే ఉండండి. రామప్పన్నా, మీరు కూర్చోండి. ఓబులమ్మగారూ, మీరు కూడా.

ఇప్పుడు సమయం పదకొండు గంటల నలభై నిమిషాలు. నలభై రెండుకు నేనే చెబుతాను. అంతకుమించి ఒక్క క్షణం కూడా ఎవరినీ నిలబెట్టను.